పౌడర్ మిల్లులో పని మానేయమని చెప్పాలా?

రేణిగుంట దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమె భర్తకు 41 ఏళ్లు. 14 ఏళ్లుగా తెల్లరాయిని, అంటే టాల్క్‌ను, పిండి చేసే మిల్లులో పని. మొదట్లో బస్తాలు పట్టేవాడు, ఇప్పుడు పల్వరైజర్ (రాయిని పిండి చేసే మర) దగ్గర ఉంటాడు. రాయి కడప వైపు నుంచీ, రాజస్థాన్ నుంచీ లారీల్లో వస్తుంది. పిండి రంగుల కంపెనీలకు, రబ్బరు కంపెనీలకు వెళ్తుంది. కొంత ఒంటికి పూసుకునే పౌడర్ చేసేవాళ్లూ కొంటారు.

"సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమ్మలు కూడా తెల్లగా ఉంటాయి. గుమ్మం బయటే చొక్కా విప్పి ఇస్తాడు. నేను పెరట్లో గట్టిగా దులిపి నానబెడతాను" అని రాశారు. మూడు నెలలుగా ఆయనకు పొడిదగ్గు. ఏటా అలిపిరి మెట్ల మీద కొండెక్కే అలవాటు ఉన్న మనిషి ఈసారి గాలిగోపురం చేరేలోపే ఐదు చోట్ల కూర్చున్నాడు. 63 ఏళ్ల తల్లి ఆయన్ని దాటి ముందుకెళ్లి పైన ఎదురుచూసింది. ఊళ్లో మందులిచ్చే ఆయన ఇది టీబీ అయ్యుంటుంది, మాత్రలు మొదలుపెడదాం అంటున్నాడు. అన్న కొడుకు ఫోన్లో పౌడర్ రాయిలో ఆస్బెస్టాస్ ఉంటుందని, దానితో క్యాన్సర్ వస్తుందని ఒక వార్త చూపించాడు. ఆమె మిల్లుకెళ్లి మేనేజర్ని అడిగారు. "మీ పాప ముఖానికి పూస్తావే, ఇదీ అదే. విషమైతే పూస్తావా?" అన్నాడట ఆయన.

ఆ మాటతో ఇంటికొచ్చి ఏడ్చానని రాశారు. ఎందుకంటే పాపకు నాలుగేళ్లు వచ్చేదాకా పూసింది కొన్న పౌడర్ కాదు. భర్త మిల్లు నుంచి క్యారీబ్యాగులో తెచ్చిన పిండినే పల్చటి గుడ్డలో జల్లించి, కాస్త గంధం పొడి కలిపి పూశారు. పాపకిప్పుడు తొమ్మిదేళ్లు. భర్త జీతం 17,000. ఇంటి అప్పు, డ్వాక్రా కంతు, స్కూలు ఫీజు అన్నీ దాంట్లోంచే. పని మానేయమని చెప్పాలా, పాపకు టెస్టులు చేయించాలా, ఇప్పటికే ఆలస్యమైపోయిందా అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా,

చివరి పేజీలో పాప గురించి రాసినచోట అక్షరాలు చెదిరిపోయి ఉన్నాయి. అందుకే పాప నుంచే మొదలుపెడతాను.

మన ఇళ్లలో నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, పౌడర్ పూయని బిడ్డ ఎవరు? మీరు చేసింది ప్రతి తల్లీ చేసిందే. దుకాణంలో కొనే బదులు ఇంటి మనిషి తెచ్చిన పిండి వాడారు, అంతే. ఆ రాయి ఏ గనిదో, అందులో ఏముందో తెలిసినవాళ్లు గానీ, తెలుసుకోవాల్సినవాళ్లు గానీ మీకు చెప్పలేదు. తప్పు అక్కడుంది, మీ దగ్గర కాదు.

రోజుకు ఒకటి రెండు నిమిషాలు, నాలుగేళ్లు. పద్నాలుగేళ్లు రోజంతా ఆ దుమ్ములో నిలబడిన మనిషితో పోలిస్తే పాప పీల్చింది చాలా తక్కువ. దుమ్ము వల్ల వచ్చే జబ్బులన్నీ ఎంత పీల్చారు, ఎన్నాళ్లు పీల్చారు అన్నదాన్ని బట్టే పెరుగుతాయి. రాతినార (ఆస్బెస్టాస్) విషయంలో ఇంతవరకు పీల్చినా ఏమీ కాదు అని గీత గీసి చెప్పలేం కాబట్టి ప్రమాదం సున్నా అని నేను అబద్ధం చెప్పను. కానీ పాపకు ఇప్పుడు చేయించాల్సిన టెస్టు ఏదీ లేదు. రక్తపరీక్షలో ఇది తెలియదు. దగ్గూ ఆయాసం లేని తొమ్మిదేళ్ల బిడ్డకు సీటీ స్కాన్ తీయిస్తే మిగిలేది అనవసరమైన రేడియేషనే. పాప టీకాల కార్డు వెనక "నాలుగేళ్ల వరకు మిల్లు పిండి వాడాం" అని ఒక్క ముక్క రాసిపెట్టండి. పెద్దయ్యాక ఎప్పుడైనా డాక్టర్ అడిగితే చెప్పడానికి పనికొస్తుంది. ఆ పిండి, దాంతోపాటు డబ్బా పౌడర్లు కూడా ఇక మానేయండి. పసిపిల్లలకు పౌడర్ అవసరం అసలే లేదు. ఆడపిల్లలకు తొడల మధ్య పౌడర్ చల్లే అలవాటుంటే అది ముందు మానాలి.

ఇక మేనేజర్ మాట. అందులో ఒక నిజం, ఒక మోసం కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయాలి.

నేను చిత్తూరులో వీధిబడికి వెళ్లే రోజుల్లో పలక మీద రాసిన తెల్ల బలపం చాలావరకు ఈ రాయే. గోటితో గీస్తే గీత పడుతుంది, వేళ్ల మధ్య సబ్బులా జారుతుంది. అందుకే దీన్ని బలపపు రాయి అంటాం. ఇంగ్లిష్ పేరు టాల్క్. రాళ్లన్నిటిలో మెత్తనిది. ఇంతవరకు మేనేజర్ చెప్పింది నిజమే, పౌడర్ రాయే అది.

అయితే బలపపు రాయి భూమిలో ఒంటరిగా పుట్టదు. కడప జిల్లాలో వేంపల్లె సున్నపురాయి పొరల్లోకి ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చింది. ఆ రెండూ ఒరుసుకున్నచోట వేడికీ నీటికీ రాయి మారిపోయింది. పులివెందుల వైపు రాతినార దొరికింది అలాంటి చోటే. బలపపు రాయి పుట్టేదీ అలాంటి పరిస్థితుల్లోనే. రెండిటిలోనూ ప్రధానంగా ఉండేది మెగ్నీషియం, సిలికాలే. ఒకటి పొరలు పొరలుగా పేరుకుంది, ఇంకొకటి దారాలుగా సాగింది. కొన్ని గనుల్లో అవి పక్కపక్కనే ఉంటాయి, ఒక్కోచోట ఒకదాన్లో ఒకటి అల్లుకుపోతాయి. తవ్వేటప్పుడు చూసి ఏరకపోతే రెండూ ఒకే లారీలో వచ్చి ఒకే మరలో పడతాయి. అన్ని గనుల్లోనూ ఇలా ఉండదు. మీ ఆయన మిల్లుకొచ్చే రాయిలో ఉందో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మేనేజర్ కూడా పరీక్ష కాగితం చూడకుండా లేదని చెప్పలేడు.

ఆ దారాలు కంటికి కనబడవు. పీల్చినప్పుడు ఊపిరితిత్తుల లోతుకు వెళ్లి అక్కడే గుచ్చుకుని ఉండిపోతాయి. శరీరం వాటిని కరిగించలేదు, బయటికి తోయలేదు. ఏళ్ల తరబడి అక్కడ పుండు పడి, మచ్చ కట్టి, ఊపిరితిత్తి గట్టిపడిపోవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఎక్కువగా దీనివల్లే వస్తుంది. అదీ ఇవాళ పీల్చితే రేపు వచ్చేది కాదు, 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. మిల్లులో ఎవరికీ ఏమీ కాలేదు కదా అని మీ అత్తగారు అన్నారని రాశారు. ఈ జబ్బు విషయంలో ఆ ధైర్యం పనికిరాదమ్మా. జబ్బు బయటపడేనాటికి ఆ మనిషి పని మానేసి ఎక్కడో ఉంటాడు, దానికీ మిల్లుకూ ముడిపెట్టేవాళ్లే ఉండరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ రాతినార కలిసిన టాల్క్‌ను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటి వరుసలో పెట్టింది. 2024 జులైలో టాల్క్‌ను కూడా బహుశా క్యాన్సర్ తేవచ్చు అనే రెండో వరుసకు చేర్చింది. ఆ వరుసలు రుజువు ఎంత గట్టిగా ఉందో చెబుతాయి, ఎంతమందికి వస్తుందో చెప్పవు. ఇది తెలియకే ఫోన్లో వార్త చూసినవాళ్లు బెంబేలు పడుతున్నారు. మీ అన్న కొడుకు చూపించింది బహుశా జాన్సన్ అండ్ జాన్సన్ సంగతి అయ్యుంటుంది. 2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ పరీక్షలో ఆ కంపెనీ బేబీ పౌడర్ డబ్బా ఒకదాంట్లో రాతినార జాడ కనబడింది. దాంతో ఆ బ్యాచ్‌లోని దాదాపు 33,000 డబ్బాలు వెనక్కి తీసుకున్నారు. తమ పౌడర్‌లో రాతినార లేదన్నది కంపెనీ వాదన. 2023లో మాత్రం అన్ని దేశాల్లోనూ టాల్క్ ఆపేసి మొక్కజొన్న పిండి పౌడర్‌కు మారింది.

మీరు ఈ సాయంత్రం నుంచే మార్చగలిగింది ఒకటుంది. ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది "గట్టిగా దులిపి" అన్న మాట. 1965లో లండన్‌లో మీసోథీలియోమా రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఆ రోగుల్లో కొందరు ఫ్యాక్టరీ గడప తొక్కనివాళ్లు. రాతినార పనివాళ్ల ఇళ్లలో వాళ్ల బట్టలు ఉతికిన ఆడవాళ్లు. ఆయన బట్టలు దులపకండి. పని బట్టలు మిల్లులోనే విప్పి, తడిపి, కవర్లో మూతి కట్టి తెచ్చుకోమనండి. తలంటు కుదరకపోయినా చేతులు, ముఖం, జుట్టు అక్కడే కడుక్కోమనండి. కవర్లోంచి నేరుగా నీళ్ల బకెట్లోకి వేసి, పాప బట్టలతో కలపకుండా ఉతకండి. పెరట్లో పేరుకున్న దుమ్మును చీపురుతో ఊడ్చకుండా నీళ్లు చల్లి తడిగుడ్డతో తీయండి. పాప పరుగెత్తుకెళ్లి నాన్నను కౌగిలించుకునేది ఆయన బట్టలు మార్చుకున్నాకే. పైసా ఖర్చులేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆయన దగ్గు. కఫం పరీక్ష చేయకుండా టీబీ మాత్రలు మొదలుపెట్టనివ్వకండి. రాతిదుమ్ము జబ్బులు ఎక్స్‌రేలో అచ్చం టీబీలాగే కనబడి, నెలల తరబడి టీబీ మందులు మింగిన కార్మికులు మన దేశంలో చాలామంది ఉన్నారు. అలాగని టీబీ కాదని కొట్టిపారేయడానికీ లేదు. బలపపు రాయితో పాటు తెల్లటి పలుగురాయి కూడా రావచ్చు. దాని దుమ్ము సిలికా. అది పీల్చినవాళ్లకు టీబీ త్వరగా అంటుకుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, అది ముందు. తర్వాత తిరుపతిలోని రుయా ఆసుపత్రిలో గానీ స్విమ్స్ ఆసుపత్రిలో గానీ ఊపిరితిత్తుల డాక్టర్ని కలవండి. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, గొట్టంలోకి గట్టిగా ఊది చేసే శ్వాస పరీక్ష చేస్తారు. అవసరమనుకుంటే వాళ్లే సీటీ రాస్తారు.

ఓపీలో జనం ఎక్కువ, డాక్టర్‌కు టైం తక్కువ. దగ్గు, ఆయాసం అని మాత్రమే చెబితే మందు చీటీ చేతికొస్తుంది. కాబట్టి ముందే ఒక కాగితం మీద రాసుకెళ్లండి: ఏ ఏడాది చేరాడు, ఏ పని, ఎన్ని గంటలు, ఏ రాయి, మాస్కు ఉందా, బీడీ కాలుస్తాడా. "14 ఏళ్లు టాల్క్ పౌడర్ మిల్లులో పని, రాతినార ఉందేమోనని అనుమానం" అని కేస్ షీట్‌లో రాయించండి. ఈ ఒక్క వాక్యం ఎంత విలువైనదో కింద చెబుతాను. బీడీ గురించి మీరు రాయలేదు. తాగుతుంటే మానిపించడం కంటే పెద్ద మందు లేదు. రాతినార, పొగ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం రెండూ కూడినట్టు కాకుండా గుణించినట్టు పెరుగుతుంది.

ఇక అసలు ప్రశ్న, పని మానేయమని చెప్పాలా అన్నది. ఇది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది. ఏ దారిలో వెళ్తే ఏమవుతుందో మాత్రం నేను చెప్పగలను.

రేపే మానేస్తే దుమ్ము ఆగుతుంది. అది చిన్న లాభం కాదు. ఇకమీదట పీల్చని ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. కాకపోతే జీతంతో పాటు ఇంకొకటి కూడా పోయే ప్రమాదం ఉంది. ఆయన జీతం నెలకు 21,000 లోపే కాబట్టి, మిల్లులో పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉండాలి. జీతం చీటీలో 0.75 శాతం కోత కనబడుతుందేమో చూడండి. కోత ఉంటే తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం ఆయన హక్కు. పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో రాతిదుమ్ము జబ్బులు, రాతినార జబ్బులు ఉన్నాయి, వాటికి పరిహారం కూడా ఉంది. పనిలో ఉండగానే ఈఎస్ఐ డాక్టర్ కాగితం మీద జబ్బు, పని రెండూ పక్కపక్కన రాసి ఉంటే తర్వాత అడగడానికి పునాది ఉంటుంది. మానేసి ఐదేళ్లయ్యాక, మీవాడు ఇక్కడ పనే చేయలేదని వాళ్లంటే చూపించడానికి ఏముంటుంది? అందుకే మానేయాలనే నిర్ణయించుకున్నా నెల రోజుల్లో పరీక్షలన్నీ అయ్యాక మానడం మేలు. హాజరు కార్డు, జీతం చీటీలు, పీఎఫ్ నంబరు ఫొటోలు తీసి పెట్టుకోండి. డాక్టర్ చూసి ఊపిరితిత్తులు ఇప్పటికే దెబ్బతిన్నాయి అంటే మాత్రం ఆ నెల కూడా ఆగకండి.

రెండో దారి, అదే మిల్లులో దుమ్ము తక్కువున్న పనికి మారడం. గేటు, తూకం, లారీ లోడింగ్ లెక్కలు లాంటివి. పల్వరైజర్ కంటే, బస్తా మూతి పట్టుకునే పని కంటే ఇవి నయం. అయితే షెడ్డు ఒకటే, గాలి ఒకటే అయితే నయమే తప్ప క్షేమం కాదు. జీతం కొంత తగ్గిస్తారేమో ముందే అడగండి.

మూడోది, అక్కడే ఉండి మిల్లును మార్చమని అడగడం. ఇది కష్టమైనది. కానీ ఆయనతో పాటు పనిచేసేవాళ్లందరికీ మేలు చేసేది ఇదొక్కటే. మొహానికి తువ్వాలు చుట్టుకుంటాడని రాశారు. తువ్వాలు పెద్ద దుమ్మునే ఆపుతుంది, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే దారాన్ని ఆపదు. రాతినార అనుమానం ఉన్నచోట ఎన్95 కూడా చాలదు, సన్నటి దుమ్మును దాదాపు పూర్తిగా ఆపే పీ100 రకం మాస్కు ఉండాలి. గడ్డం గీసుకుని ముఖానికి అతుక్కునేలా పెట్టాలి, మురికైతే మార్చాలి. మాస్కు చివరి అడ్డు మాత్రమే. బ్యాగ్ ఫిల్టర్‌కు (దుమ్మును పట్టే గుడ్డ సంచులకు) చిరుగులు లేకుండా చూడటం, బస్తా నింపే మూతి దగ్గర దుమ్ము పీల్చే గొట్టం పెట్టడం, ఎయిర్ పైపుతో బట్టలు ఊదుకోవడం ఆపించడం, షెడ్డు ఊడ్చే ముందు తడపడం, ఇవి యజమాని చేయాలి. యజమాని గది కూడా అదే షెడ్డు పక్కన ఉందని రాశారు. ఆ గాలి ఆయన కూడా పీలుస్తున్నాడు. ఈ సంగతి ఎవరూ ఆయనకు చెప్పి ఉండకపోవచ్చు.

ఈసారి మీరు ఒక్కరే వెళ్లకండి. మీ ఆయన, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఒక్కటే అడగాలి: ఈ రాయికి రాతినార పరీక్ష చేయించారా, ఆ కాగితం చూపించండి అని. ఒంటి పౌడర్ కోసం కొనే కంపెనీ ఆ కాగితం అడిగే ఉంటుంది, కాబట్టి ఉండే అవకాశం ఉంది. చూపిస్తే మూడు సంగతులు చూడండి. అది ఏ గని రాయిది, ఏ తేదీది, ఏ పద్ధతిలో చేశారు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (పిండి మీదికి ఎక్స్‌రేలు పంపి చూసే పద్ధతి) ఒక్కటే చేసి "కనబడలేదు" అని రాస్తే సరిపోదు. ఆ పద్ధతిలో అర శాతం కంటే తక్కువున్న నార తప్పించుకోవచ్చు. మైక్రోస్కోప్ కింద, వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తేనే నమ్మకం. రంగులకు, రబ్బరుకు పోయే రాయికి ఈ పాటి పరీక్ష కూడా చేయించారా అన్నది అడిగి తీరాల్సిన ప్రశ్న. మీ ఆయన రోజూ పీల్చేది ఆ రాయి కూడా.

చూపించకపోతే ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు రాయొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టకూడదన్న నియమం ఉంది. అయినా పన్నెండు మందే ఉన్న మిల్లులో ఎవరు రాశారో యజమాని ఊహించుకోగలడు. అది ఆలోచించుకునే అడుగు వేయండి. పేర్లు లేకుండా అందరి తరఫునా ఒకే కాగితం పంపితే ఒక్కరి మీద పడే కోపం తగ్గుతుంది.

కేస్ షీట్‌లో రాయించమన్న వాక్యం విలువ చెబుతానన్నాను కదా. 1995లో రాతినార కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, కార్మికుడి ఆరోగ్యం అతని బతుకు హక్కులో భాగమని చెప్పింది. యజమానులు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. మీ మిల్లు కాగితాల్లో అది రాతినార ఫ్యాక్టరీ కాదు, పౌడర్ మిల్లు. అక్కడ అలాంటి రికార్డు ఉంటుందన్న ఆశ నాకు లేదు. కాబట్టి ఆ 40 ఏళ్ల రికార్డు మీ ఇంట్లో, మీ చేతిరాతతో మొదలవ్వాలి. 60 పేజీల నోటుపుస్తకం చాలు. ప్రతి ఎక్స్‌రే తేదీ, శ్వాస పరీక్షలో వచ్చిన అంకెలు, ఏటా అలిపిరి మెట్లెక్కుతూ ఎక్కడెక్కడ కూర్చున్నాడు, అన్నీ రాయండి. డాక్టర్‌కు ఇదీ పనికొచ్చే సమాచారమే.

ఆలస్యమైపోయిందా అని అడిగారు. పీల్చింది వెనక్కి తీయలేం. కానీ 41 ఏళ్ల మనిషికి దుమ్ము ఇవాళ ఆగడానికీ, ఇంకో పదిహేనేళ్లకు ఆగడానికీ చాలా తేడా ఉంది. దగ్గుకు కారణం మామూలు బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు) అయినా కావచ్చు. పరీక్షలు అయ్యేదాకా క్యాన్సర్ అనే మాట ఇంట్లో అనుకోకండి. మీ టెన్షన్ చూసి ఆయన పరీక్షకే రానంటే అదే అసలు నష్టం. "కొండెక్కేటప్పుడు ఆయాసం వచ్చింది కదా, అదేంటో చూపిద్దాం" అనండి చాలు. మీ అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. మెట్ల మీద కొడుకు కోసం ఆగి ఎదురుచూసిన మనిషి ఆమె. ఆమె రమ్మంటే ఆయన కాదనడు.

మీ ఇంటికి రేకుల కప్పు అయితే ఆ సిమెంట్ రేకుల్లోనూ రాతినారే ఉండొచ్చు. పగలని, అరగని రేకుతో తొందరేమీ లేదు. వాటికి చిల్లులు కొట్టడం, కోయడం మాత్రం వద్దు.

అటక మీద ఆ క్యారీబ్యాగులో ఇంకా పిండి మిగిలి ఉందని రాశారు. దాన్ని చెత్తకుప్పలో గుమ్మరించకండి. ముందు మూత గట్టిగా పట్టే చిన్న గాజుసీసాలో రెండు చెంచాల పిండి తీసిపెట్టండి. తీసేటప్పుడు ముక్కుకు పీ100 మాస్కు పెట్టుకోండి, పాపను బయటికి పంపండి. మూతకు టేపు చుట్టి, సీసా మీద మిల్లు పేరు, పిండి తెచ్చిన ఏడాది రాయండి. రేపు పరీక్ష చేయించే వీలు దొరికితే ఆ సీసా కావాలి. మిగతాదాని మీద నీళ్లు పోసి ముద్దచేసి, రెండు కవర్లలో కట్టేసి చెత్తబండికి ఇవ్వండి. డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి. అప్పుడు ఈ మూడు దారుల్లో ఏది మీకు దగ్గరో మళ్లీ మాట్లాడుకుందాం.